గడ్డి కప్పదగినదీ కప్పరానిదీ: జేతవనం నుండి పోచంపల్లి వరకు భూవివాదాల్లో మధ్యస్థం

బౌద్ధసంఘానికి దక్కిన ప్రసిద్ధ విహారాలలో జేతవనం ముఖ్యమైనది. ఆ విహారం నిలిచిన నేల ఒక వివాదంలో నుండి సంఘానికి చేరింది. వినయపిటకంలోని చుల్లవగ్గలో ఈ కథ ఉన్నది. శ్రావస్తికి చెందిన అనాథపిండికుడు బుద్ధ భగవానునికి తగిన నివాసస్థలం వెదకుతూ జేతకుమారుని ఉద్యానవనాన్ని ఎంచుకొన్నాడు. నేలంతా నాణేలు పరచినా ఆ తోటను ఇవ్వబోనని రాకుమారుడు అన్నాడు. వెల పలికిన తరువాత బేరం కుదిరినట్లేనని గృహపతి పట్టుబట్టాడు. తిరస్కరించడానికి వాడిన మాట వెలకట్టిన మాటగా చెల్లుతుందా అన్నదే తగవు. ఇద్దరూ వ్యవహారం తీర్చే మహామాత్యుల వద్దకు వెళ్లారు. వెల చెప్పినందున తోట అమ్ముడుపోయినట్లేనని వారు తీర్పు చెప్పారు.

కథ తీర్పుతో ముగియలేదు. బండ్ల మీద తెచ్చిన బంగారం పరచగా ద్వారం దగ్గర కొద్దిపాటి జాగా మిగిలిపోయింది. మరింత బంగారం తెమ్మని గృహపతి పనివారికి చెప్పబోగా జేతకుమారుడు వారించి, ఆ జాగాను తన దానంగా ఉంచమని కోరాడు. అనాథపిండికుడు ఒప్పుకొన్నాడు. రాకుమారుడు అక్కడ ద్వారకోష్ఠకం కట్టించాడు. విహారానికి చివరకు ఓడిపోయినవాని పేరే నిలిచింది. భార్హుత్ స్తూపం మీది శిల్పంలో బండి నుండి నాణేలు దింపి నేల మీద పరచే దృశ్యాన్ని చూడవచ్చును.

నేల ఎవరిదో తీర్పు తేల్చింది. ద్వారం దగ్గరి ఆ చిన్న జాగా మాత్రం ఓడినవాణ్ణి దాతగా మార్చి, ఇద్దరినీ ఒకే ధర్మకార్యంలో భాగస్థులను చేసింది. తీర్పు, రాజీ వేరువేరు పనులు చేస్తాయి. గ్రామీణ భూవివాదాలను న్యాయస్థానాల వెలుపల మధ్యవర్తుల ద్వారా పరిష్కరించాలన్న ఆలోచన నేడు మళ్లీ బలపడుతున్నది. ఈ సందర్భంలో రెండు ప్రశ్నలను విడదీసి చూడవలసి ఉన్నది. మధ్యస్థం ఏ తగవును తీర్చగలదు? ఏ తగవును తీర్చినట్లు కనిపించి లోపల దాచివేస్తుంది? ఈ ప్రశ్నలకు బౌద్ధ వినయంలోను, తెలంగాణ గ్రామ చరిత్రలోను పరస్పరం పోల్చదగిన సమాధానాలు ఉన్నాయి.

రోహిణీ తీరం

పొలాల తగవులో బుద్ధుడు స్వయంగా మధ్యస్థుడైన సందర్భాన్ని పాళీ అట్ఠకథలు రోహిణీ నది కథలో వర్ణించాయి. ధమ్మపద అట్ఠకథలోను, కుణాల జాతక కథలోను ఇది కనిపిస్తుంది. శాక్యులకూ కోలియులకూ మధ్య పారే రోహిణికి ఒకే ఆనకట్ట ఉండేది. రెండు ప్రక్కల రైతులూ ఆ నీటితోనే సేద్యం చేసుకొనేవారు. జ్యేష్ఠమాసంలో పైరు వాడిపోతున్నప్పుడు, నీటిని పంచుకొంటే ఇద్దరికీ చాలదనీ, తమ పైరు ఒక్క తడితో పండుతుంది కనుక నీరు తమకే వదలాలనీ ఒక పక్షం అడిగింది. రెండవ పక్షమూ అదే వాదన చేసింది. మాట పెరిగి దెబ్బలకు దారితీసింది. దెబ్బల తరువాత వంశాలను దూషించుకొన్నారు. ఆ దూషణలు రాజకుటుంబాల చెవిన పడగానే రెండు వైపులా సైన్యాలు బయలుదేరాయి.

అక్కడికి చేరిన బుద్ధుడు మొదట కలహానికి కారణమేమిటని అడిగాడు. రాజులకు తెలియలేదు. ఉపరాజునూ సేనాపతినీ అడిగి చూశారు. అలా ఒకరి తరువాత ఒకరిని అడుగుతూ పోగా, చివరకు పొలంలో పనిచేసే దాసులూ కూలివారే నీటి కోసమని చెప్పగలిగారు. నీటికీ క్షత్రియుల ప్రాణాలకూ ఉన్న విలువల తేడాను బుద్ధుడు ఎత్తిచూపినది ఆ తరువాతనే.

ఈ కథలో ప్రాణం విలువను చెప్పిన ఘట్టమే ఎక్కువగా ప్రసిద్ధి పొందింది. భూవివాదాలను పరిశీలించేవారికి దానికి ముందరి ఘట్టమూ అంతే ముఖ్యం. పరువు, వంశం, పాత పగ చేరేకొద్దీ తగవు తన మూలానికి దూరమవుతుంది. ఆయుధం పట్టినవారికి కారణం తెలియదు. మడిలో నిలబడినవారికి తెలుసు. కనుక మధ్యస్థుని మొదటి పని హితవు చెప్పడం కాదు, తగవు మొదలైన గట్టు దగ్గరికి తిరిగి వెళ్లి అక్కడ పనిచేసేవారిని అడగడం. ఈ కథలో ఒక లోటూ ఉన్నది. రెండు పక్షాలూ ఆయుధాలు దించిన సంగతి, ఇరువైపుల యువకులు ప్రవ్రజ్య స్వీకరించిన సంగతి చెప్పిన అట్ఠకథాకారులు, ఆ వేసవిలో నీటిని ఏ వంతున పంచుకొన్నారో చెప్పలేదు. మనస్సులు శాంతించాయి గాని మడికి నీరు ఎంత వచ్చిందన్నది కథకు బయటనే ఉండిపోయింది.

అధికరణ శమథాలు

కథలో విడిచిన ఆ క్రమాన్ని వినయం శాసనరూపంలో చెప్పింది. సంఘంలో తలెత్తే వ్యవహారాలను వివాదాధికరణం, అనువాదాధికరణం, ఆపత్తి అధికరణం, కిచ్చాధికరణం అని నాలుగుగా విభజించి, వాటిని శమింపజేసే పద్ధతులను ఏడుగా పేర్కొన్నది. పాతిమోక్ఖ పారాయణం చివర వచ్చే సప్త అధికరణ శమథాలు ఇవే. ఇవి భిక్షుసంఘపు ఆంతరంగిక నియమాలు, గృహస్థుల ఆస్తి తగవులకు ఉద్దేశించినవి కావు. అయినా వీటిలో నాలుగు విషయాలు ఏ మధ్యస్థానికైనా గీటురాళ్లుగా పనికివస్తాయి.

మొదటిది సమ్ముఖావినయం. సంఘమూ ధర్మమూ వినయమూ ఎదుట ఉండాలి, వివాదపడిన వ్యక్తులూ ఎదుట ఉండాలి. ఈ నాలుగు సమ్ముఖతలలో ఏ ఒక్కటి లోపించినా పరిష్కారం చెల్లదు. పరోక్షంలో చేసిన రాజీ రాజీ కాదని దీని భావం.

రెండవది ఉబ్బాహిక. సభలో గోల పెరిగి మాటకు అర్థం తెలియనప్పుడు వ్యవహారాన్ని అర్హులైన కొద్దిమందికి అప్పగించవచ్చును. వారికి ఉండవలసిన లక్షణాలను వినయం విడివిడిగా లెక్కించింది. శీలమూ పాండిత్యమూ మాత్రమే చాలవు. రెండు పక్షాలకూ నచ్చజెప్పగల నేర్పు ఉండాలి, వివాదం పుట్టుక, అది శమించే మార్గం తెలిసి ఉండాలి. పెద్దమనిషి కావడానికి వయస్సో ఆస్తో కులమో చాలుననుకొన్న గ్రామ సంప్రదాయానికీ దీనికీ ఉన్న భేదం గమనించదగినది.

మూడవది పరిష్కారపు స్థిరత్వం. ధర్మబద్ధంగా తీరిన వ్యవహారాన్ని తెలిసి తెలిసి మళ్లీ తిరగదోడడం పాచిత్తియ దోషం. ముగిసినది ముగిసినట్లే ఉండాలి.

నాలుగవది తిణవత్థారకం, అంటే గడ్డితో కప్పడం. రెండు వర్గాలు పోట్లాడుకొని ఇరువైపులా ఎన్నో తప్పులు చేసినప్పుడు, ఒక్కొక్క తప్పునూ విచారించబోతే కలహం మరింత పెరిగే ప్రమాదం ఉంటుంది. అప్పుడు అందరూ ఒకచోట చేరతారు. ప్రతి పక్షం నుండి సమర్థుడైన ఒక భిక్షువు తన పక్షం తరఫున సంఘం ఎదుట తప్పును వెల్లడిస్తాడు. వివరాలు త్రవ్వకుండా వాటిని కప్పివేస్తారు. మలాన్ని కదిపితే దుర్గంధం, గడ్డి కప్పితే బాధ ఉండదు అన్న పోలికతో అట్ఠకథ దీనిని వివరించింది.

ఈ పద్ధతికి వినయం కఠినమైన హద్దులు గీసింది. గురుతరమైన దోషాలను గడ్డి కప్పదు. గృహస్థులకు సంబంధించిన దోషాలను కప్పదు. ఒప్పుకోలేదని ప్రకటించినవారికీ, ఆ సభలో లేనివారికీ ఆ పరిష్కారం వర్తించదు. పెద్ద అన్యాయాన్నీ, బయటివారికి చేసిన కీడునూ, అసమ్మతిని, గైర్హాజరును రాజీ పేరుతో మాపడానికి వీలులేదన్నమాట. మధ్యస్థానికి ఇంత స్పష్టమైన ఎల్లలు ఇంత పూర్వమే ఏర్పడి ఉండడం విశేషం.

శాసనాలలో నేల

సంఘానికి భూదానాలు అందడం మొదలైన తరువాత దక్కను నేల మీద వివాదం మరో రూపం తీసుకొన్నది. ఇచ్చిన నేల నిజంగా అందిందా లేదా అన్న ప్రశ్న వచ్చింది. నాసిక్ మూడవ గుహలోని గౌతమీపుత్ర శాతకర్ణి శాసనాలు దీనికి మంచి ఉదాహరణ. ఆయన 18వ పాలనా సంవత్సరపు శాసనం అక్కడి భిక్షువులకు 200 నివర్తనాల క్షేత్రం ఇచ్చింది. 24వ సంవత్సరపు శాసనం, రాజమాత పేరు కూడా జోడించి, ముందు ఇచ్చిన కఖడి గ్రామ క్షేత్రం సాగుకావడం లేదనీ, ఆ గ్రామంలో జనావాసం లేదనీ ఒప్పుకొని, నగర సరిహద్దులోని రాజక్షేత్రం నుండి 100 నివర్తనాలు బదులుగా ఇచ్చింది. రాజోద్యోగులు ఆ నేలలో ప్రవేశించరాదు, ఉప్పు కోసం త్రవ్వరాదు మొదలైన పరిహారాలను రెండు శాసనాలూ పేర్కొన్నాయి. ఆజ్ఞ గోవర్ధనంలోని అమాత్యునికి వెళ్లింది. అందులో పత్రం సిద్ధమైన తేదీ కూడా ఉన్నది.

ఈ శాసనాన్ని దానస్తుతిగానే చదివితే సగం చదివినట్లే. ఇచ్చిన మాట నేల మీద ఫలించలేదని తెలుసుకొని ఆ లోపాన్ని సవరించి, సవరణను రాతి మీద చెక్కించిన పరిపాలన ఇందులో కనిపిస్తుంది.

తెలంగాణలో ఇటువంటి సాక్ష్యం తుమ్మలగూడెం రాగిరేకులలో ఉన్నది. నేటి యాదాద్రి భువనగిరి జిల్లా రామన్నపేట మండలంలోని ఈ గ్రామంలో దొరికిన విష్ణుకుండి శాసనాలలో ఒకటి గోవిందవర్మ తన రాణి పేర వెలసిన విహారానికి గ్రామాలను దానమిచ్చిన సంగతి చెబుతుంది. మరొకటి శకం 488, అంటే క్రీ.శ. 566 నాటిది. విక్రమేంద్ర భట్టారకవర్మ అదే మహావిహారానికి మరో గ్రామం ఇచ్చిన సంగతిని అది నమోదు చేసింది. ఒక తరంలో ఇచ్చిన దానిని మరో తరం గుర్తించి కొనసాగించడానికి రాగిరేకు ఆధారమైంది. ఈ నేలకు చేరువలోనే, దాదాపు పధ్నాలుగు వందల సంవత్సరాల తరువాత, భూదానం అన్న మాట మళ్లీ దేశమంతటా వినిపించింది.

గడ్డి కప్పరాని కాలం

1940ల నాటి తెలంగాణ గ్రామంలో పెద్దమనుషుల పంచాయితీ లేకపోలేదు. గట్టు తగాదా వచ్చినా, అన్నదమ్ముల వాటాలు తేలకపోయినా, కాలువ నీటి వంతు తప్పినా ఊరివారు రచ్చబండ దగ్గర కూర్చుని తీర్చుకొన్నారు. కాని అనేక గ్రామాలలో తీర్పరి స్థానంలో ఉన్నవాడే వివాదంలో పక్షం. దేశ్‌ముఖ్ చేతిలో గడీ, పట్వారీ చేతిలో లెక్కల పుస్తకం, రైతు చేతిలో అనుభవం మాత్రమే ఉండేవి. తరతరాలుగా దున్నుకొంటున్న నేల లెక్కల్లో మరొకరి పేర ఉండేది. వెట్టి చేయక తప్పని మనిషి దొర ఎదుట నిలిచి హద్దు గురించి వాదించగలడా? సమ్ముఖావినయానికి కావలసిన నాలుగింటిలో వ్యక్తుల సమ్ముఖత అక్కడ రూపానికే ఉండేది.

పాలకుర్తి చాకలి ఐలమ్మ భూమి కథ అందుకు ప్రసిద్ధమైన నిదర్శనం. ఆమె కౌలుకు తీసుకొని సాగుచేసిన భూమి మీద విసునూరు దేశ్‌ముఖ్ కన్నుపడింది. పంటను కోసుకుపోవడానికి మనుషులు వచ్చారు. సంఘం కార్యకర్తలు నిలబడి ధాన్యాన్ని ఐలమ్మ ఇంటికి చేర్చారు. న్యాయస్థానంలోనూ ఆమె పక్షమే నెగ్గింది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దేశ్‌ముఖ్ మనుషుల తుపాకికి బలైన తరువాత ఉద్యమం సాయుధ రూపం తీసుకొన్నది. 1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యం భారత యూనియన్‌లో విలీనమైన తరువాత కూడా 1951 అక్టోబరు వరకు పోరాటం సాగింది. ఆ మధ్యలో 1949లో జాగీర్దారీ రద్దయింది. 1950లో కౌలుదారుల రక్షణకు హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం వచ్చింది.

ఈ క్రమాన్ని హింసకూ అహింసకూ మధ్య ఎంపికగానే చూడడం చరిత్రకు చాలదు. వినయపు భాషలో చెప్పాలంటే ఆ తగవులు గురుదోషాలు. వాటిని గడ్డితో కప్పమని పంచాయితీ చెప్పడం అన్యాయానికి కొమ్ముకాయడమే అయ్యేది. 1946కు ముందరి గ్రామంలో మధ్యస్థం విఫలం కావడానికి కారణం మధ్యస్థులకు దయ లేకపోవడం ఒక్కటే కాదు, సమానంగా కూర్చునే నేల లేకపోవడం. ఆ నేలను పోరాటమూ చట్టమూ కలిసి కొంతవరకు సిద్ధం చేశాయి.

పోచంపల్లి, 1951 ఏప్రిల్ 18

ఈ నేపథ్యంలో ఆచార్య వినోబా భావే తెలంగాణలో అడుగుపెట్టారు. వార్ధా దగ్గరి పవనార్ నుండి కాలినడకన బయలుదేరి హైదరాబాదు చేరువలోని శివరాంపల్లిలో జరిగిన సర్వోదయ సమ్మేళనానికి హాజరయ్యారు. జైలులో ఉన్న కమ్యూనిస్టు నాయకులను కలుసుకొన్నారు. అక్కడినుండి నల్లగొండ జిల్లా వైపు నడిచి ఏప్రిల్ 18న పోచంపల్లి చేరారు.

ఊరిలో ఆయన దళితవాడకు వెళ్లి అక్కడివారి కష్టాలు విన్నారు. తమకు భూమి కావాలని నలభై కుటుంబాలవారు చెప్పారు. ఎంత కావాలని అడిగితే ఎనభై ఎకరాలు చాలునన్నారు, అందులో నలభై తరి, నలభై ఖుష్కీ. ప్రభుత్వానికి అర్జీ పంపిద్దామని వినోబా మొదట అనుకొన్నారు. తరువాత, ప్రభుత్వం నుండి రావడం ఆలస్యమైతే ఊరివారే ఎవరైనా ఇవ్వగలరా అని అక్కడ చేరిన జనాన్ని అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరు ఎకరాలు ఇస్తానన్నారు. అడిగినవారు తమకు ఎనభై చాలునన్న మాటకే కట్టుబడ్డారు.

ఈ సంఘటనను దాత ఔదార్యంగానో వినోబా ప్రభావంగానో చెప్పడం పరిపాటి. మధ్యస్థం దృష్టితో చూస్తే అందులో మూడు అంశాలు కనిపిస్తాయి. మొదటిది, రోహిణీ తీరంలో జరిగినట్లే, ప్రశ్న నేలలో పనిచేసేవారితో మొదలైంది. ఎంత కావాలో వారినే చెప్పనిచ్చారు. వారు చెప్పినది కొలత గల అంకె. రెండవది, ఊరంతా చూస్తుండగా ఇచ్చేవారూ తీసుకొనేవారూ ఎదురెదురుగా నిలిచారు. మూడవది, జేతకుమారుడు ద్వారం దగ్గరి జాగా ఇచ్చినట్లు, భూమి గలవాడు ఓడినవాడుగా కాక దాతగా సభ నుండి బయటికి వెళ్లగలిగాడు. మధ్యస్థం బలవంతుడికి మర్యాదగల దారి చూపగలదు. పోచంపల్లిలో అది జరిగింది.

అయితే ఆ సాయంకాలాన్ని దాని ముందరి ఐదేళ్ల నుండి విడదీయలేము. భూమి మీద హక్కును ప్రశ్నించడం సాధ్యమేనని ఆ జిల్లా అప్పటికే చూసి ఉన్నది. దళితవాడ ప్రజలు తమ అవసరాన్ని ఎకరాలలో చెప్పగలిగిన ధైర్యం, భూస్వామి దానిని విన్న ఓపిక, రెండూ ఆ కాలం తయారుచేసినవే. బౌద్ధ చింతనతో వినోబాకున్న సాన్నిహిత్యం కూడా ఇక్కడ స్మరించదగినది. ఆయన తరువాతి కాలంలో ధమ్మపద గాథలను విషయక్రమంలో పునర్విభజించి సంకలనం చేశారు. 1954లో బోధ్‌గయలో సమన్వయ ఆశ్రమాన్ని స్థాపించారు.

మాట తరువాత హద్దు

పోచంపల్లి తరువాత 51 రోజుల తెలంగాణ పాదయాత్రలో 12,000 ఎకరాలకు పైగా దానంగా ప్రకటితమయ్యాయి. కాలక్రమంలో దేశమంతటా ఆ లెక్క 40 లక్షల ఎకరాలు దాటింది. ప్రకటించిన ఎకరానికీ పేదవాని నాగలి తాకిన ఎకరానికీ మధ్య ఎంత దూరం ఉన్నదో ఆ తరువాతి దశాబ్దాలు చూపాయి. కొన్నిచోట్ల ఇచ్చినది రాళ్లబీడు. కొన్నిచోట్ల అప్పటికే వ్యాజ్యంలో ఉన్న భూమిని దానమిచ్చారు. కొన్నిచోట్ల సర్వే నంబరు వేయలేదు, హద్దురాళ్లు పాతలేదు. ఇచ్చిన తండ్రి మాటను సభలో లేని కుమారులు ఒప్పుకోలేదు. సభలో లేనివారికి పరిష్కారం వర్తించదన్న వినయ నియమం ఇక్కడ గుర్తుకు వస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 1965 నాటి భూదాన, గ్రామదాన చట్టం ఈ భూముల నిర్వహణకు ఒక బోర్డును ఏర్పరచింది. భూమి పొందినవారు దానిని వారసులకు అందించవచ్చును గాని అన్యాక్రాంతం చేయడానికి వీలులేకుండా చేసింది. అయినా హైదరాబాదు నగరం విస్తరించి భూమి ధర పెరిగేకొద్దీ శివార్లలోని భూదాన భూములు మళ్లీ వ్యాజ్యాలకెక్కాయి. 1954-55 నాటి ఖాస్రా పహాణీలో ఎవరి పేరు ఉన్నది, తరువాతి పహాణీలలో అది ఎలా మారింది, దానపత్రంలోని విస్తీర్ణం నేల మీది విస్తీర్ణంతో సరిపోతుందా అన్న ప్రశ్నలతో దస్త్రాలు నిండాయి. 1951లో ఒక సాయంకాలం నిర్మలంగా కుదిరిన మాట, కొలిచి రాసి నిలపనిచోట, మనుమల కాలానికి తిరిగి తగవైంది.

కఖడి క్షేత్రం సాగులో లేదని ఆరేళ్లకే తెలుసుకొని బదులు నేల ఇచ్చిన శాతవాహన శాసనంతో పోల్చితే లోపం ఎక్కడ ఉన్నదో తెలుస్తుంది. భూదానానికి దాతలు కొరవడలేదు. దానం జరిగిన తరువాత మళ్లీ వెళ్లి నేలను చూసే యంత్రాంగం కొరవడింది.

భిలాయి: మధ్యవర్తి లేని సందర్భం

పోచంపల్లి సభ జరిగిన నాలుగేళ్లకు, 1955 ఫిబ్రవరిలో, సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో భిలాయి ఉక్కు కర్మాగారానికి పునాది పడింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ కర్మాగారంలో పనికోసం వెళ్లిన తెలుగు కుటుంబాలు ఎన్నో అక్కడే స్థిరపడ్డాయి. నేడు నెహ్రూ నగర్ వంటి కాలనీలతో విస్తరించిన ఆ ఉక్కు నగరం దుర్గ్ ప్రాంతపు పల్లెల నేల మీద వెలసినది. ఆ నేల 1894 నాటి భూసేకరణ చట్టపు నీడలో చేతులు మారింది. ఆ చట్టంలో నోటీసు, అభ్యంతరాల విచారణ, పరిహారం ఉన్నాయి గాని ఇచ్చేవారూ తీసుకొనేవారూ సమానంగా కూర్చుని కుదుర్చుకొనే చోటు లేదు. రాజ్యమే ఒక పక్షమైనప్పుడు ఊరి పెద్దమనిషికి పాత్ర ఉండదు.

2014లో అమలులోకి వచ్చిన కొత్త భూసేకరణ చట్టం సామాజిక ప్రభావ అంచనానూ, ప్రైవేటు సంస్థల కోసం సేకరించేటప్పుడు 80 శాతం, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్య పథకాలకు 70 శాతం బాధిత కుటుంబాల సమ్మతినీ తప్పనిసరి చేసింది. గైర్హాజరుగా ఉంచినవారిని సభలోకి పిలిచే ప్రయత్నంగా దీనిని చూడవచ్చును.

నేటి చట్టం గీసిన గీతలు

ప్రస్తుత న్యాయవ్యవస్థలో మధ్యస్థానికి పలు ద్వారాలు తెరచి ఉన్నాయి. 1987 నాటి న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం కింద లోక్ అదాలత్ ఇచ్చే అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు లేదు. 2008 నాటి గ్రామ న్యాయాలయాల చట్టం సివిల్ వ్యాజ్యాలలో మొదట రాజీకి ప్రయత్నించమంటుంది. 2023 నాటి మధ్యవర్తిత్వ చట్టం, ఒక ప్రాంతపు నివాసుల మధ్య శాంతికి భంగం కలిగించగల వివాదాలకు ముగ్గురు మధ్యవర్తులతో సామాజిక మధ్యవర్తిత్వాన్ని ప్రతిపాదించింది. ముగ్గురిని ఎన్నుకొని అప్పగించడం ఉబ్బాహికను గుర్తుచేస్తుంది. కాని సామాజిక మధ్యవర్తిత్వంలో కుదిరిన ఒప్పందం కోర్టు డిక్రీలాగా అమలు చేయదగినది కాదని అదే చట్టం చెబుతున్నది. దాని బలం ఊరి జ్ఞాపకంలోనే ఉంటుంది. గట్టు జరిగిందన్న తగవులో, బాట వదలాలన్న తగవులో ఊరి జ్ఞాపకం చాలవచ్చు. హక్కు చేతులు మారే చోట తెల్లకాగితం మీది రాజీ చాలదు. సాదాబైనామాలతో ఏళ్ల తరబడి తిరిగిన రైతులకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు.

గడ్డి కప్పరాని వాటిని నేటి చట్టాలు కూడా వేరుచేశాయి. భూసేకరణ వివాదాలను 2023 చట్టం మధ్యవర్తిత్వానికి తగనివాటి జాబితాలో చేర్చింది. షెడ్యూల్డు ప్రాంతాలలో 1959 నాటి భూ బదలాయింపు నిబంధన, దానికి 1970లో చేసిన సవరణ గిరిజనేతరులకు భూమి బదలాయింపును చెల్లనిదిగా చేశాయి. అక్కడ గిరిజనుడు స్వయంగా ఒప్పుకొన్నా, పెద్దమనుషులు సంతకం చేసినా, ఆ రాజీ నేలను చేతులు మార్చలేదు. బలహీనుని సమ్మతి బలవంతుని ఎదుట ఎంత స్వేచ్ఛగా ఉంటుందన్న అనుమానమే ఆ నిబంధనకు ఆధారం. సమ్ముఖతకు అర్థం ఎదుట నిలబడడం మాత్రమే కాదని ఈ చట్టం తన పద్ధతిలో చెప్పింది.

గ్రామాలలో విహారాలు, ఆశ్రమాలు, సేవాసంస్థలు తగవులు తీర్చడానికి పూనుకొనే సందర్భాలలో ఈ చరిత్ర నుండి తీసుకోదగిన క్రమం ఒకటి ఉన్నది. తగవు మొదలైన పొలానికి వెళ్లి అక్కడ పనిచేసేవారిని అడగాలి. కౌలుదారునూ, వాటా ఉన్న ఆడబిడ్డనూ, వలస వెళ్లిన సోదరునీ సభకు పిలిపించిన తరువాతనే మాట మొదలుపెట్టాలి. జరిగినది పొరుగువారి పరస్పర కలహమా, ఒకరి మీద మరొకరు చేసిన దురాక్రమణా అన్నది ముందుగా తేల్చుకోవాలి. మొదటిదైతే గడ్డి కప్పవచ్చును, రెండవదైతే బాధితుణ్ణి న్యాయస్థానానికి చేర్చడమే మధ్యస్థుని ధర్మం. కుదిరిన మాటను కొలిచి, రాసి, చట్టం కోరిన చోట రిజిస్టరు చేయించాలి. కొన్ని పంటకాలాల తరువాత మళ్లీ వెళ్లి హద్దురాళ్లు ఉన్న చోటనే ఉన్నాయో లేదో చూడాలి.

ఈ క్రమంలో చివరి అడుగునే సాధారణంగా మరచిపోతారు. జేతవన ద్వారం దగ్గరి జాగాలో రాకుమారుడు కట్టడం కట్టించాడు కనుక ఆ ఇచ్చిపుచ్చుకోవడం అందరి కంటికీ కనిపిస్తూ నిలిచింది. గోవర్ధనపు అమాత్యునికి రెండవ ఆజ్ఞ వెళ్లింది కనుక భిక్షువులకు సాగయ్యే నేల అందింది. పోచంపల్లి పేరుకు ముందు నేడు భూదాన్ అన్న మాట చేరి ఉన్నది. ఆ మాట ప్రతి ఊరిలోనూ నిలిచేది ఆనాడు ప్రకటించిన ఎకరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూపించే హద్దురాయి దగ్గరనే.